ఎవరి మనిషీ కాని న్యాయమూర్తి

అమెరికా న్యాయశాస్త్ర గ్రంథాల్లో డేవిడ్ డేవిస్ పేరు ఆయన రాసిన ఒక తీర్పు వల్ల నిలిచింది. రాజకీయ చరిత్రలో మాత్రం ఆయన కూర్చోకుండా వదిలేసిన ఒక కుర్చీ వల్ల నిలిచింది. తీర్పు 1866 నాటిది. మామూలు పౌర కోర్టులు నడుస్తున్న చోట సైన్యం పౌరుణ్ణి విచారించి ఉరిశిక్ష వేయడం చెల్లదని అది చెప్పింది. కుర్చీ 1877 నాటిది. అందులో కూర్చున్నవారి ఒక్క ఓటుతో దేశాధ్యక్షుడెవరో తేలిపోయే పరిస్థితి. రెండింటి వెనకా ఉన్నది ఒకే స్వభావం: ఫలానా వారి మనిషి అనిపించుకోవడం గిట్టని స్వభావం. మొదటిసారి అది ధైర్యంగా పనికొచ్చింది. రెండోసారి తప్పుకోవడానికి దారి చూపింది.

చిత్రమేమిటంటే, ఈయన సుప్రీంకోర్టు మెట్లు ఎక్కిందే ఒకరి మనిషిగా. ఆ ఒకరు అబ్రహాం లింకన్.

డేవిస్ 1815 మార్చి 9న మేరీలాండ్ రాష్ట్రంలోని సెసిల్ కౌంటీలో పుట్టాడు. వైద్యుడైన తండ్రి బిడ్డను చూడకుండానే కన్నుమూశాడు. ఒహాయోలోని కెన్యన్ కాలేజీలో 1832లో పట్టా తీసుకుని, మాసచూసెట్స్‌లోని లెనాక్స్‌లో ఒక న్యాయవాది దగ్గర పని నేర్చుకుని, ఆపై న్యూ హేవన్‌లో లా చదివి, ఇరవై ఏళ్ళ వయసులో ఇల్లినాయ్ చేరాడు. 1836లో బ్లూమింగ్టన్‌లో స్థిరపడ్డాడు. లెనాక్స్ అమ్మాయి సారా వాకర్‌ను 1838లో పెళ్ళాడాడు. అప్పట్లో ఆ ప్రాంతంలో ప్లీడరు వృత్తి కన్నా భూముల క్రయవిక్రయాలే ఎక్కువ కలిసొచ్చేవి. డేవిస్ ఆ కిటుకు తొందరగానే పట్టుకుని, చివరికి రాష్ట్రంలోని పెద్ద భూస్వాముల్లో ఒకడయ్యాడు. విగ్ పార్టీ తరఫున రాష్ట్ర శాసనసభకు వెళ్ళాడు. 1847లో రాష్ట్ర రాజ్యాంగాన్ని తిరగరాసిన సభలోనూ సభ్యుడు. ఆ కొత్త రాజ్యాంగం జడ్జీలను ప్రజలే ఎన్నుకోవాలంది. 1848లో అలా ఎన్నికై ఎనిమిదో సర్క్యూట్ న్యాయమూర్తి అయ్యాడు.

సర్క్యూట్ అంటే అక్షరాలా తిరుగుడే. మొదట్లో 14 కౌంటీలు, సుమారు 11,000 చదరపు మైళ్ళు. వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి జడ్జి తన కోర్టును వెంటబెట్టుకుని ఊరూరా తిరిగేవాడు. వెనకాలే వకీళ్ళ గుంపు. 300 పౌండ్ల బరువుకు తగ్గని డేవిస్ రెండు గుర్రాల బగ్గీలో వెళ్ళేవాడు. బురద దారులు, నల్లులున్న పరుపులు, ఉడికీ ఉడకని తిండి గురించి భార్యకు రాసిన ఉత్తరాల్లో వాపోయేవాడు. సత్రాల్లో వకీళ్ళు ఒక్కో మంచం మీద ఇద్దరేసి సర్దుకుంటే, జడ్జిగారికి మాత్రం సొంత మంచం. ఆ గుంపులో ఏటా సర్క్యూట్ మొత్తం చుట్టి వచ్చిన కొద్దిమందిలో లింకన్ ఒకడు. రాత్రిళ్ళు భోజనాలయ్యాక డేవిస్ గదిలో కబుర్ల కచేరీ జరిగేది. లింకన్ కథ చెప్పడం మొదలుపెడితే మిగతావారి వంతు అక్కడితో ఆగేది. తోటి వకీలు వార్డ్ లామన్ రాసుకున్న ప్రకారం, లింకన్ మరీ తక్కువ ఫీజు పుచ్చుకుని మిగతా వకీళ్ళ కడుపు కొడుతున్నాడని డేవిస్ అందరి ముందూ మందలించిన సందర్భం కూడా ఉంది.

ఇంత స్నేహం ఉన్న జడ్జి ముందు ఆ వకీలు వాదిస్తే పక్షపాతం ఉండదా? ఉండే అవకాశాలు దండిగానే ఉండేవి. డేవిస్ ఊళ్ళో లేనప్పుడు లింకన్‌నే పీఠం మీద కూర్చోబెట్టి కేసులు విననిచ్చేవాడు. ఈ రోజుల్లో అలా చేస్తే జడ్జి ఉద్యోగం పోతుంది. అయినా, జ్యూరీ లేకుండా డేవిస్ ఒక్కడే తేల్చిన కేసుల లెక్క తీసినవారికి తేలింది వేరు. అటువంటి 80కి పైగా కేసుల్లో లింకన్ గెలిచినవాటి కన్నా ఓడినవే ఎక్కువ. డేవిస్ మనస్తత్వం గురించి ఆయన ఉపన్యాసాలన్నీ చెప్పేదాని కన్నా ఈ ఒక్క లెక్క ఎక్కువ చెబుతుంది. సాయంత్రం పక్కన కూర్చుని నవ్వుతాడు, పొద్దున్న కేసు కొట్టేస్తాడు. రెండింటికీ ముడి పెట్టడు.

1860 మే నెల. షికాగోలో విగ్వామ్ అనే చెక్క భవనంలో రిపబ్లికన్ పార్టీ మహాసభ. అధ్యక్ష అభ్యర్థిత్వం న్యూయార్క్ సెనేటర్ విలియం సీవార్డ్‌దేనని అందరి లెక్క. ట్రెమాంట్ హౌస్ హోటల్లో గదులు తీసుకుని లింకన్ తరఫున మంత్రాంగం నడిపింది డేవిస్. సిట్టింగ్ జడ్జి ఒక పార్టీ అభ్యర్థికి పైరవీ చేయడం అప్పట్లో ఎవరికీ వింతగా తోచలేదు. ఆయన పట్టిన సూత్రం తేలికైనదే: ఎవరినీ నొప్పించవద్దు, మొదటి అభ్యర్థి ఓడితే రెండో ఎంపికగా లింకన్‌ను తలుచుకోమని ప్రతి రాష్ట్ర ప్రతినిధి బృందాన్నీ ఒప్పించాలి. ఇండియానా మొదటి విడతకే కలిసొచ్చింది. పెన్సిల్వేనియా ఓట్లలో అత్యధికం రెండో విడతలో వచ్చాయి. తొలి విడతలో సీవార్డ్‌కు 173½, లింకన్‌కు 102. రెండో విడతలో 184½, 181. మూడో విడతలో లింకన్‌కు 231½ వచ్చాయి, కావలసింది 233. ఒహాయో ప్రతినిధులు నాలుగు ఓట్లు మార్చారు, పని అయిపోయింది.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న లింకన్, తనను కట్టిపడేసే ఒప్పందాలేవీ చేయవద్దని ఒక పత్రిక అంచున రాసి పంపించాడు. అది చదివి డేవిస్, లింకన్ ఇక్కడ లేడు కదా, ఇక్కడి సంగతి ఆయనకేం తెలుసు అన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ మాట అన్నాడో లేదో గానీ, ఇండియానాకు చెందిన కేలబ్ స్మిత్, పెన్సిల్వేనియాకు చెందిన సైమన్ కామెరాన్ ఇద్దరూ లింకన్ మంత్రివర్గంలో కనిపించారు. కామెరాన్ చేతికి వెళ్ళిన యుద్ధ శాఖ కాంట్రాక్టుల కంపుతో నిండిపోయి, 1862 జనవరిలో ఆయన్ను తప్పించాల్సి వచ్చింది. సరిగ్గా ఆ నెలల్లోనే సెయింట్ లూయిస్‌లో సైన్యపు కాంట్రాక్టు బిల్లుల్లోని దోపిడీని తవ్వితీసే ముగ్గురు సభ్యుల కమిషన్‌లో డేవిస్ పని చేస్తున్నాడు. షికాగోలో తాను తెచ్చిపెట్టిన మనిషి శాఖ బిల్లులే ఆయన చేతికి వచ్చాయన్నమాట.

మిత్రుడు అధ్యక్షుడైన వెంటనే సుప్రీంకోర్టు పదవి వచ్చి ఒళ్ళో పడలేదు. అప్పటికే అక్కడ ఖాళీలున్నాయి. మొదటిది ఒహాయోకు చెందిన నోవా స్వేన్‌కు, రెండోది ఐయోవాకు చెందిన శామ్యూల్ మిల్లర్‌కు పోయాయి. బ్లూమింగ్టన్‌లో సణుగుళ్ళు మొదలయ్యాయి. మరో మిత్రుడు లియొనార్డ్ స్వెట్ స్వయంగా వెళ్ళి లింకన్‌కు పాత రుణం గుర్తుచేశాడు. 1862 ఆగస్టులో లింకన్ రాసిన ఉత్తరంలో మెలిక ఉంది: నియమించాలని నిశ్చయించుకున్నాను, కానీ షికాగో కోర్టులో ఇప్పుడున్న గుమాస్తాను తీసేయనని మాటివ్వు. ఒప్పందాలు వద్దన్న మనిషే చివరికి ఒక చిన్న ఒప్పందం అడిగాడు. అక్టోబరులో నియామకం జరిగింది, డిసెంబరులో సెనేట్ ఆమోదించింది.

పదవి ఇచ్చినవాడికి డేవిస్ తలూపలేదు. ఆ తలూపకపోవడం ప్రతిసారీ మెచ్చుకోదగ్గదీ కాదు. 1863 జనవరిలో, ఉత్తర, దక్షిణ రాష్ట్రాల అంతర్యుద్ధం మధ్యలో, తిరుగుబాటు రాష్ట్రాల్లోని బానిసలకు స్వేచ్ఛ చాటిన బానిస విమోచన ప్రకటన వెలువడిన కొద్ది రోజులకే, ఆ విధానం మార్చుకోకపోతే దేశం దక్కదని లింకన్‌కు నచ్చజెప్పాలని చూశాడు. అది స్థిరపడిపోయిన సంగతి అని లింకన్ తోసిపుచ్చాడు. డేవిస్ సంప్రదాయవాది. ఆస్తి, క్రమం, రాజ్యాంగంలోని అక్షరం ఆయనకు ముఖ్యం. బానిసల విముక్తి ఆయన దృష్టిలో యుద్ధపు చిక్కుల్లో ఒకటి, అంతకు మించి కాదు. ఈ పరిమితిని పక్కన పెట్టి, మొదట్లో చెప్పిన 1866 నాటి తీర్పును, అంటే మిల్లిగన్ తీర్పును, చదివితే సగమే అర్థమవుతుంది.

లాంబ్డిన్ మిల్లిగన్ ఇండియానాలోని హంటింగ్టన్‌లో వకీలు, యుద్ధాన్ని తీవ్రంగా వ్యతిరేకించిన డెమోక్రాట్. రహస్య సంఘంలో చేరి, ఆయుధాగారాలు కొల్లగొట్టి యుద్ధ ఖైదీలను విడిపించే కుట్ర చేశాడని 1864 అక్టోబరులో సైన్యం ఆయన్ను అరెస్టు చేసింది. సైనికాధికారుల కమిషన్ విచారించి ఉరిశిక్ష వేసింది. 1865 మే 19న ఉరి. లింకన్ హత్య జరిగి అప్పటికి నెల. మే 10న మిల్లిగన్ వకీళ్ళు ఇండియానాపొలిస్‌లోని ఫెడరల్ సర్క్యూట్ కోర్టులో నిర్బంధం చట్టబద్ధమో కాదో తేల్చమని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. అప్పట్లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు సర్క్యూట్ కోర్టుల్లోనూ కూర్చునేవారు. ఆ కోర్టులో కూర్చున్నది డేవిస్, జిల్లా జడ్జి డేవిడ్ మెక్‌డొనాల్డ్. తమకు ఏకాభిప్రాయం కుదరలేదని ఇద్దరూ రికార్డు చేశారు. అలా రాస్తే కేసు నేరుగా సుప్రీంకోర్టుకు వెళుతుంది. కేసు పైకి వెళ్ళింది. ఈలోగా అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఉరిని యావజ్జీవ శిక్షగా మార్చాడు.

కేసులో గట్టి పాయింటు 1863 నాటి చట్టంలోనే ఉంది. హెబియస్ కార్పస్‌ను నిలిపివేసే అధికారాన్ని అధ్యక్షుడికి ఇచ్చిన ఆ చట్టమే ఒక షరతూ పెట్టింది: సైన్యం పట్టుకున్న పౌరుల మీద గ్రాండ్ జ్యూరీ (అభియోగం మోపాలో వద్దో తేల్చే పౌరుల బృందం) అభియోగం మోపకుండా సమావేశం ముగిస్తే వారిని వదిలేయాలి. ఇండియానాపొలిస్‌లో 1865 జనవరిలో గ్రాండ్ జ్యూరీ కూర్చుంది, లేచింది, మిల్లిగన్ ఊసెత్తలేదు. కాబట్టి ఆయన్ను పట్టి ఉంచడం చట్టవిరుద్ధం. దీనిమీద తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకమయ్యారు. 1866 ఏప్రిల్ 3న విడుదల ఉత్తర్వు వెలువడింది. అక్కడితో ఆగితే ఇది చిన్న కేసుగానే మిగిలేది.

డేవిస్ ఆగలేదు. డిసెంబరు 17న వెలువడిన పూర్తి తీర్పులో మరో మెట్టు ఎక్కాడు. కోర్టులు తెరిచి, అడ్డంకి లేకుండా నడుస్తున్న చోట పౌరుణ్ణి సైనిక విచారణకు గురిచేసే అధికారం అధ్యక్షుడికే కాదు, దేశ చట్టసభ అయిన కాంగ్రెస్‌కు కూడా లేదన్నాడు. రాజ్యాంగం పాలకులకూ ప్రజలకూ, యుద్ధంలోనూ శాంతిలోనూ ఒకే చట్టమని, అన్ని వేళలా అన్ని వర్గాలవారినీ తన డాలు కింద కాపాడుతుందని రాశాడు. యుద్ధం నడుస్తున్నప్పుడు ఇటువంటి ప్రశ్నను ప్రశాంతంగా ఆలోచించే వాతావరణం లేదని, ఇప్పుడుందని కూడా ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు నిజాయితీగలదే గానీ, తీర్పు బలహీనత కూడా అదే. ఫిరంగులు చల్లబడ్డాక చెప్పిన న్యాయం అది.

కాంగ్రెస్ అధికారం దగ్గర తొమ్మిది మంది అయిదు, నాలుగుగా చీలారు. లింకన్ నియమించిన అయిదుగురిలో చేజ్, స్వేన్, మిల్లర్ ముగ్గురూ ఆ అధికారం ఉందన్నవైపు. డేవిస్, ఫీల్డ్ మరోవైపు. మిల్లిగన్ తరఫున వాదించినవారిలో ఒహాయోకు చెందిన రిపబ్లికన్ సభ్యుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ ఉన్నాడు. సుప్రీంకోర్టులో ఆయనకది మొట్టమొదటి కేసు.

తీర్పు మీద విరుచుకుపడినవారిలో ప్రతినిధుల సభలో రాడికల్ రిపబ్లికన్ల నాయకుడు థాడియస్ స్టీవెన్స్ ముఖ్యుడు. నల్లజాతివారు పౌరులే కారన్న 1857 నాటి డ్రెడ్ స్కాట్ తీర్పంత హీనమైనది కాకపోయినా అంతకన్నా ప్రమాదకరమైనదన్నాడు. ఆయన కోపం ఊరికే వచ్చింది కాదు. ఓడిన దక్షిణాది రాష్ట్రాల్లో అప్పుడే విముక్తులైన నల్లజాతివారికి స్థానిక కోర్టుల్లో న్యాయం దొరికే ఆశ లేదు. వారికి దిక్కు సైనిక న్యాయస్థానాలే. కోర్టులు తెరిచి ఉంటే సైన్యం తప్పుకోవాలన్న సూత్రం అక్కడికి పాకితే, తెరిచి ఉన్న కోర్టు ఎవరిదన్న ప్రశ్న లేస్తుంది. డేవిస్ దీనికి నొచ్చుకున్నాడు. తన తీర్పులో పునర్నిర్మాణం (ఓడిన దక్షిణాదిని తిరిగి దేశంలో కలుపుకునే కార్యక్రమం) ఊసే లేదని, తిరుగుబాటు రాష్ట్రాల్లో ఆ అధికారం ఉందని ఒప్పుకున్నామని తోడల్లుడు జూలియస్ రాక్‌వెల్‌కు 1867లో రాశాడు. ఆయన చెప్పింది నిజమే. అయితే తీర్పు రాసేవాడి చేతిలోంచి జారాక అది చదివేవాడి సొత్తు. అంత విశాలమైన వాక్యాలు రాసినప్పుడు వాటి నీడ ఇండియానా సరిహద్దు దగ్గర ఆగుతుందని అనుకోవడం అమాయకత్వం.

ఇక మిల్లిగన్ తనను అరెస్టు చేసినవారి మీద దావా వేసి 1871లో గెలిచాడు. జ్యూరీ ఇప్పించిన నష్టపరిహారం 5 డాలర్లు.

ఈ ఏళ్ళలోనే డేవిస్ మరో పని నిశ్శబ్దంగా చేశాడు. దేశంలో పేరున్న వకీళ్ళలో ఒకడైన లింకన్ వీలునామా రాయకుండా పోయాడు. ఆ ఆస్తి వ్యవహారం చక్కబెట్టే బాధ్యతను పెద్ద కొడుకు రాబర్ట్ డేవిస్‌కు అప్పగించాడు. చనిపోయేనాటికి 80 వేల డాలర్ల పైచిలుకు ఉన్న ఆస్తిని రెండున్నరేళ్ళలో సుమారు 1,10,000 డాలర్లకు పెంచి, లింకన్ భార్య మేరీకీ ఇద్దరు కొడుకులకూ సమంగా పంచాడు. చట్టప్రకారం రావలసిన ఫీజు ఒక్క డాలరు కూడా తీసుకోలేదు. భూములతో ఆరితేరిన చేయి అది.

పీఠం మీద కుదురుగా కూర్చోవడం మాత్రం ఆయనకు చాతకాలేదు. రాజకీయం పిలుస్తూనే ఉంది. 1872లో లేబర్ రిఫార్మ్ పార్టీ అనే చిన్న పార్టీ అధ్యక్ష పదవికి నామినేట్ చేస్తే, ఆ పదవిని ఏ పౌరుడూ కోరకూడదు, కాదనకూడదు అని బదులిచ్చాడు. రిపబ్లికన్ పార్టీ నుంచి చీలిన లిబరల్ రిపబ్లికన్ల టికెట్ హొరేస్ గ్రీలీకి పోవడంతో తప్పుకున్నాడు. అయినా మిస్సోరీ ఎలెక్టర్ (రాష్ట్రం తరఫున అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ప్రతినిధి) ఒకరు ఆయనకు ఓటేశాడు. కోరకూడదన్న మాట చెప్పడానికి బాగుంది గానీ, సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉంటూ అలా తలుపు తెరిచి కూర్చోవడాన్ని ఏమనాలి?

ఆ తెరిచిన తలుపులోంచే 1877 వచ్చింది. అంతకుముందు నవంబరులో జరిగిన ఎన్నికల్లో డెమోక్రాట్ శామ్యూల్ టిల్డెన్‌కు 184 ఎలక్టోరల్ ఓట్లు, రిపబ్లికన్ రూథర్‌ఫర్డ్ హేస్‌కు 165. గెలవడానికి 185 కావాలి. ఫ్లోరిడా, లూసియానా, సౌత్ కరోలినా, ఆరెగాన్‌లకు చెందిన 20 ఓట్లు తగాదాలో పడ్డాయి. తేల్చడానికి 15 మంది కమిషన్ ఒకటి ఏర్పాటు చేశారు: సెనేట్ నుంచి 5, ప్రతినిధుల సభ నుంచి 5, సుప్రీంకోర్టు నుంచి 5. మొదటి పదిమందిలో పార్టీల బలం సమానం. న్యాయమూర్తుల్లో నలుగురిని ముందే ఎంచారు, ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. అయిదో న్యాయమూర్తిని ఆ నలుగురూ ఎంచుకోవాలి. పేరు రాయకపోయినా అది డేవిస్ కోసం చెక్కిన కుర్చీ అని అందరికీ తెలుసు. డెమోక్రాట్లు ఆ నమ్మకంతోనే బిల్లుకు ఒప్పుకున్నారు.

జనవరి 25న, బిల్లు ఇంకా కాంగ్రెస్ దాటకముందే, ఇల్లినాయ్ శాసనసభ డేవిస్‌ను సెనేట్‌కు ఎన్నుకుంది. సిట్టింగ్ సెనేటర్ జాన్ లోగన్‌ను ఓడించడానికి డెమోక్రాట్లు, చిన్న పార్టీలవారు కలిసి చేసిన పని అది. టిల్డెన్ మేనల్లుడు విలియం పెల్టన్ హస్తం ఇందులో ఉందన్న అనుమానం తర్వాత వచ్చింది. డేవిస్‌కు మేలు చేసి కట్టిపడేద్దామనుకున్నట్టయితే, పదిహేడేళ్ళ ముందు ఇల్లినాయ్ సర్క్యూట్‌లో ఆయన ముందు కేసులు ఓడిన వకీలును ఒక్కమాట అడిగి ఉండాల్సింది. మేలు చేసినవారికి ఓటు వేయడం మాట అటుంచి, డేవిస్ కమిషన్‌లోకి రానే రానన్నాడు. ఆ స్థానం రిపబ్లికన్ జోసెఫ్ బ్రాడ్లీకి వెళ్ళింది. కీలకమైన ప్రతి ప్రశ్న మీదా 8, 7గా చీలిన ఓటింగుతో 20 ఓట్లూ హేస్‌కే పోయాయి. 185, 184.

సెనేటర్‌గా ఎన్నికయ్యాడు కాబట్టి కూర్చోలేకపోయాడన్న వాదన పైకి సబబుగానే ఉంటుంది. తేదీలు చూస్తే నిలవదు. కొత్త సెనేట్ గడువు మొదలయ్యేది మార్చి 4న. కమిషన్ పని ఫిబ్రవరి అంతా నడిచింది. ఆ నెలంతా డేవిస్ సుప్రీంకోర్టు న్యాయమూర్తే. చట్టం అడ్డుపడలేదు, మనసు అడ్డుపడింది. డెమోక్రాట్ల ఓట్లతో గెలిచి టిల్డెన్ వైపు మొగ్గితే అమ్ముడుపోయాడంటారు. హేస్ వైపు మొగ్గితే ద్రోహి అంటారు. ఏ వైపు వెళ్ళినా ఎవరో ఒకరి మనిషి కాక తప్పదు. ఆయన ఉంటే ఫలితం మారేదని కచ్చితంగా చెప్పలేం, రాష్ట్రాలు ధ్రువీకరించిన లెక్క వెనక్కి వెళ్ళి చూసే అధికారం కమిషన్‌కు లేదన్న బ్రాడ్లీ వాదననే ఆయనా ఒప్పుకుని ఉండవచ్చు. కానీ ఆ మాట బ్రాడ్లీ నోట వస్తే పార్టీ తీర్పు అయింది, డేవిస్ నోట వస్తే తీర్పు అయ్యేది. కొద్ది వారాల్లో లూసియానా, సౌత్ కరోలినా రాజధానుల్లో కాపలా ఉన్న ఫెడరల్ సైనికులు శిబిరాలకు వెళ్ళిపోయారు. అక్కడి నల్లజాతి ఓటర్లకు ఆ ఎన్నిక ఖరీదు తరాలపాటు తెలిసింది.

సెనేట్‌లో డేవిస్ ఏ పార్టీలోనూ చేరలేదు. 1881లో సభ దాదాపు సమంగా చీలినప్పుడు ఆయన ఒక్క ఓటుకు విలువ వచ్చింది. అదే ఏడు మిల్లిగన్ కేసు వాదించిన గార్‌ఫీల్డ్ అధ్యక్షుడై, తుపాకి గాయంతో సెప్టెంబరు 19న చనిపోయాడు. ఉపాధ్యక్షుడు ఆర్థర్ అధ్యక్షుడయ్యాడు, ఉపాధ్యక్ష పదవి ఖాళీ. అక్టోబరు 13న రిపబ్లికన్ల మద్దతుతో సెనేట్ తాత్కాలిక అధ్యక్షుడిగా డేవిస్‌ను ఎన్నుకున్నారు. పార్టీ షరతు ఏ కొంచెం ఉన్నా ఈ గౌరవం తీసుకునేవాణ్ణి కానని ఆయన సభకు చెప్పాడు. అప్పటి చట్టం ప్రకారం ఆర్థర్‌కు ఏమైనా జరిగితే అధ్యక్ష బాధ్యతలు చేపట్టేది డేవిసే. 1883 మార్చి దాకా, కోరకూడదు కాదనకూడదన్న ఆ పదవికి ఒక్క ప్రాణం దూరంలో గడిపాడు.

ఆ తర్వాత బ్లూమింగ్టన్‌లోని క్లోవర్ లాన్ అనే 36 గదుల ఇంటికి తిరిగి వెళ్ళాడు. సారా 1879లోనే పోయింది. 1883లో అడెలిన్ బర్‌ను పెళ్ళి చేసుకున్నాడు. 1886 జనవరిలో కాంగ్రెస్ వారసత్వ చట్టాన్ని మార్చి, సెనేట్ తాత్కాలిక అధ్యక్షుణ్ణి ఆ వరుసలోంచి తీసేసింది. జూన్ 26న డేవిస్ కన్నుమూశాడు.